కోతల కాలంలోనూ ఖాళీ కాకూడని బడి
కారంపూడి ప్రాథమిక పాఠశాలలకు ఊరే అండ

(ప్రత్యేక వ్యాసం)

నాగులేటి ఒడ్డున వెలసిన కారంపూడి పేరు చెప్పగానే తెలుగువారికి పల్నాటి వీరులు, కార్తీక మాసాంతాన జరిగే వీరారాధనోత్సవాలు స్ఫురిస్తాయి. 12వ శతాబ్దిలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే పంక్తిన కూర్చుండబెట్టి భోజనం పెట్టించిన చాపకూడు సంప్రదాయాన్ని పల్నాడు నేటికీ సగర్వంగా తలచుకొంటుంది. ఆనాటి స్ఫూర్తి ఈనాడు ప్రతి పనిదినాన కంటికి కనిపించే చోటు గ్రామంలోని ప్రాథమిక పాఠశాల. రైతు బిడ్డ, కూలి బిడ్డ, పొరుగు జిల్లా నుంచి పనికి వచ్చిన వలస కుటుంబపు బిడ్డ ఒకే వరుసలో కూర్చుని ఒకే అన్నం తింటారు, ఒకే పాఠం వింటారు.

అయితే ఏటా శీతకాలం ప్రవేశించగానే ఈ వరుసలో ఖాళీలు కనిపించే ప్రమాదం ఉన్నది. పత్తి తీతలు ముగియకముందే మిరప కోతలు మొదలవుతాయి. తల్లిదండ్రులు తెల్లవారకముందే చేలకు బయలుదేరుతారు. చంటిబిడ్డను చూసుకొనేందుకో, కల్లంలో తాలుకాయలు ఏరేందుకో పెద్దపిల్ల ఇంటివద్ద ఆగిపోతుంది. అలా ఆగిన చదువు మరల పట్టాలెక్కడం కష్టసాధ్యం. పాఠశాలలో భోజనం, పుస్తకాలు, ఉపాధ్యాయులు అన్నీ ఉన్నా, బిడ్డ బడికి రాని నాడు అవేవీ ఆ బిడ్డకు అందవు. కనుక విద్యా సంవత్సరంలో ఏయే కార్యక్రమాలు జరుగుతాయో, చట్టం తల్లిదండ్రులకు ఏయే అధికారాలు ఇచ్చిందో, కోతల కాలంలో వాటిని ఎలా వినియోగించుకోవాలో గ్రామస్థులు తెలుసుకొని ఉండడం అవసరం.

బడి గంట నుంచి వేసవి సెలవుల దాకా

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు, అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉన్న కారంపూడి మండలం ఈ జిల్లాలో చేరింది. రాష్ట్రమంతటా మాదిరిగానే ఇక్కడి పాఠశాలలు సాధారణంగా జూన్ 12న తెరుచుకొని, ఏప్రిల్ 23న విద్యా సంవత్సరాన్ని ముగిస్తాయి. నడుమ దసరా, సంక్రాంతి సెలవులు ఉంటాయి. మార్చి మధ్య నుంచి ఎండల కారణంగా ఒంటిపూట బడులు నడుస్తాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలి. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు అయిదుగురు ఉపాధ్యాయులు ఉండాలని ఆ చట్టం షెడ్యూలు నిర్దేశిస్తున్నది. పిల్లల నమోదు, హాజరు నిలకడగా ఉన్నప్పుడే ఊరి బడికి రావలసిన ఉపాధ్యాయుల సంఖ్య కూడా నిలబడుతుంది. ఒక ఇంటి బిడ్డ బడి మానితే ఆ నష్టం ఆ ఇంటితోనే ఆగదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఒకే పంక్తి, ఒకే అన్నం

బడి పిల్లలకు పౌష్టికాహారాన్ని అందించే జాతీయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న ఆరంభమైంది. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించిన దరిమిలా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం అమలులోకి వచ్చింది. కేంద్ర పథకానికి 2021 నుంచి పీఎం పోషణ్ అనే పేరున్నది. రాష్ట్రంలో 2024 నుంచి ఈ భోజనం డొక్కా సీతమ్మ పేరిట అందుతున్నది. కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలిగొన్నవారికి వేళాపాళా లేకుండా అన్నం పెట్టి అపర అన్నపూర్ణగా పేరొందిన మహనీయురాలు ఆమె.

నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల బిడ్డకు ఒక పూట భోజనంలో 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. ఇందుకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్కగట్టారు. వీటికి అదనంగా రాష్ట్రంలో కోడిగుడ్డు, చిక్కీ ఇస్తున్నారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యంతో అన్నం వండుతున్నారు.

వండిన పదార్థాలను పిల్లలకు వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయునితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ పెద్దలలో తల్లులు కూడా ఉండవచ్చు. వారానికి ఒకనాడు ఒక తల్లి వచ్చి వంటగదిని, నీటి తొట్టిని, వడ్డన తీరును చూసి వెళితే తనిఖీ దానంతటదే జరిగినట్లవుతుంది. ఏ కారణం చేతనైనా భోజనం పెట్టని నాడు అందుకు బదులుగా ఆహార భద్రతా భత్యం పొందే హక్కు పిల్లలకు ఉన్నదన్న సంగతి చాలమందికి తెలియదు.

కోతల రోజులలో ఈ భోజనం విలువ మరింత పెరుగుతుంది. చేనికి వెళ్లే తల్లి ఉదయం వండి ఉంచిన చద్దిపైనే బిడ్డ సాయంత్రం వరకు గడపవలసిన అవసరం లేకుండా, వేడివేడి భోజనం బడిలోనే దొరుకుతుంది. ఒంటిపూట బడుల కాలంలో సైతం పిల్లలు భోజనం చేసిన తర్వాతనే ఇళ్లకు వెళతారు.

తల్లిదండ్రులదే పెద్దరికం

పాఠశాల నిర్వహణ ఉపాధ్యాయుల బాధ్యత మాత్రమేనన్న అభిప్రాయం గ్రామాలలో ఇంకా తొలగిపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఒక యాజమాన్య కమిటీ ఉండాలని నిర్దేశించింది. ఇందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు కావాలి. బలహీన వర్గాలకు, అవకాశాలకు దూరమైన వర్గాలకు చెందిన పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలి.

మన రాష్ట్రంలో ఒక్కో తరగతి నుంచి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నికవుతారు. అయిదు తరగతులున్న ప్రాథమిక పాఠశాలలో వీరు 15 మంది. వీరిలో నుంచే అధ్యక్షులు, ఉపాధ్యక్షులు ఎన్నికవుతారు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా వ్యవహరిస్తారు. రాష్ట్రవ్యాప్తంగా 2024 ఆగస్టు 8న ఈ ఎన్నికలు జరిగాయి. కమిటీ కాలపరిమితి రెండేళ్లు.

పాఠశాల పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను రూపొందించడం, వచ్చిన నిధుల వినియోగాన్ని పర్యవేక్షించడం చట్టం ఈ కమిటీకి అప్పగించిన విధులు. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే, అనగా డిసెంబరు చివరినాటికి, ప్రణాళిక సిద్ధం కావాలని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు సూచిస్తున్నాయి. మిరప కోతలు ఊపందుకొనే జనవరికి ఇది సరిగ్గా ముందు సమయం. మరుగుదొడ్డి మరమ్మతు, ప్రహరీ, తాగునీరు వంటి అంశాలతోపాటు, రానున్న కోతల కాలంలో ఏయే ఇళ్ల పిల్లలు బడికి దూరమయ్యే అవకాశం ఉన్నదో పేరుపేరునా గుర్తించి అదే సమావేశంలో చర్చించుకోవచ్చు.

సభ్యులు కాని తల్లిదండ్రులకు సైతం పాఠశాలకు వచ్చి మాట్లాడే అవకాశం ఉన్నది. రాష్ట్రమంతటా ఒకే రోజున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న, డిసెంబరు 5న జరిగాయి. ఇటువంటి సమావేశాలకు తల్లులు, తండ్రులు ఇద్దరూ హాజరై, తమ బిడ్డ ప్రగతి పత్రాన్ని అడిగి చూడడం, సందేహాలు ఉపాధ్యాయుని ముందుంచడం మేలు. అక్షరం రాని తల్లి అయినా సంకోచించనవసరం లేదు. బిడ్డ ఎన్ని రోజులు బడికి వచ్చింది, పుస్తకంలోని పేరా చదవగలుగుతున్నదా అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

కోతల కాలమే అసలు పరీక్ష

నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు, నల్లరేగడి నేలలు పల్నాడుకు పత్తిని, మిరపను ఇచ్చాయి. ఈ రెండూ కూలీల చేతులపై ఆధారపడిన పంటలు. మిరప ఒక్క కోతతో ముగియదు. కాయ పండిన కొద్దీ మూడు నాలుగు విడతలుగా కోసి, కల్లాలలో ఆరబెట్టి, తాలు వేరుచేసి, గుంటూరు యార్డుకు పంపవలసి ఉంటుంది. ఈ పనులన్నీ ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతాయి. బడి పరంగా చూస్తే, ఇవే ఏడాది పాఠాలు పూర్తయ్యే నెలలు.

ఉదాహరణకు రెండో తరగతి చదువుతున్న ఒక బాలికను తీసుకుందాం. సంక్రాంతి సెలవుల అనంతరం బడి తెరిచే నాటి నుంచి ఏప్రిల్ 23 వరకు సుమారు మూడు నెలల కాలం ఉంటుంది. ఇది మొత్తం విద్యా సంవత్సరంలో నాలుగో వంతుకు మించిన భాగం. ఆ మూడు నెలలూ తమ్ముడిని ఆడిస్తూ ఇంటివద్ద ఉండిపోయిన బాలిక, జూన్‌లో మూడో తరగతిలో కూర్చున్నా రెండో తరగతి పాఠం వద్దనే ఆగి ఉంటుంది. తరగతి ముందుకు సాగుతున్న కొద్దీ ఆమె వెనుకబడుతుంది. కొన్నాళ్లకు పాఠం అర్థం కాక, బడి మీద ఇష్టం పోయి, పూర్తిగా మానివేయవచ్చు. ఒక్క సీజనులో దక్కిన కొద్దిపాటి కూలి డబ్బు ఈ నష్టాన్ని పూడ్చజాలదు.

హాజరుకు, కుటుంబానికి అందే సాయానికి కూడ సంబంధం ఉన్నది. 2025 జూన్‌లో ఆరంభమైన తల్లికి వందనం పథకం కింద విద్యార్థికి 15 వేల రూపాయల చొప్పున కేటాయించి, అందులో 13 వేలు తల్లి ఖాతాకు, 2 వేలు పాఠశాల అభివృద్ధికి ఇచ్చారు. ఈ పథకానికి 75 శాతం హాజరు నిబంధన ఉన్నది. 200 పనిదినాల లెక్కన చూస్తే 75 శాతమంటే 150 దినాలు. మొత్తం మీద 50 దినాలకు మించి బడి మానిన బిడ్డ ఈ పరిధి నుంచి జారిపోతుంది. కోతల మూడు నెలలు బడికి రాకుంటే ఆ 50 దినాలు అక్కడే ఖర్చయిపోతాయి.

పనికి పెట్టుకొనే వారికి కూడ చట్టం తెలిసి ఉండాలి. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ నియమించరాదు. ప్రమాదం లేని పనులలో సొంత కుటుంబానికి సాయపడటానికి మినహాయింపు ఉన్నా, అది బడివేళల తర్వాత లేదా సెలవులలో మాత్రమే వర్తిస్తుంది. రైతులు, ముఠా మేస్త్రీలు కూలీలను మాట్లాడుకొనే సమయంలోనే పిల్లలను చేనికి తేవద్దని, బడికి పంపాలని షరతు పెట్టుకొంటే సగం సమస్య తీరుతుంది. ఆపదలో ఉన్న, పనిలో చిక్కుకొన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

చంటిబిడ్డల సంరక్షణే పెద్దపిల్లల గైర్హాజరుకు కారణమైన చోట అంగన్‌వాడీ కేంద్రం అండగా నిలుస్తుంది. మూడేళ్లు నిండిన తమ్ముడిని అంగన్‌వాడీలో చేర్చితే, ఎనిమిదేళ్ల అక్క బడికి వెళ్లగలుగుతుంది. ప్రధానోపాధ్యాయుడు, అంగన్‌వాడీ కార్యకర్త కలసి ఇటువంటి ఇళ్లను గుర్తించి తల్లులతో మాట్లాడడం ఫలవంతంగా ఉంటుంది.

వలస వచ్చిన బిడ్డకూ ఈ బడిలో చోటు

పత్తి, మిరప పనుల కోసం కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా అనేక కుటుంబాలు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు వలస వస్తాయి. పిల్లలను సొంత ఊరిలో విడిచి రాగలవారికి సమగ్ర శిక్షా ఆధ్వర్యంలో సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. వెంట తీసుకువచ్చిన పిల్లల విషయంలో ఏమి చేయాలన్నది కారంపూడి వంటి గ్రామాల ముందున్న ప్రశ్న.

దీనికి చట్టంలో స్పష్టమైన సమాధానం ఉన్నది. ఆరు నుంచి 14 ఏళ్ల వయసుగల ప్రతి బిడ్డకు చేరువలోని బడిలో ఉచితంగా చదువుకొనే హక్కు ఉన్నది. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. ఒక బడి నుంచి మరొక బడికి మారే బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్రం ఇవ్వాలి. ఆ పత్రం రావడం ఆలస్యమైనా కొత్త బడిలో ప్రవేశాన్ని ఆపరాదు. ఇంతవరకు బడి ముఖం చూడని బిడ్డనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తోటివారితో సమానంగా వచ్చేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

కనుక తమ చేలకు కూలీలను పిలిపించుకొన్న రైతులు, వారి గుడారాలలో బడి ఈడు పిల్లలు ఉన్నట్లు గమనించిన వెంటనే సమీప పాఠశాలకు తెలియజేయడం బాధ్యతగా భావించాలి. బయటి ఊరి బిడ్డకు ఒక చోటు, ఒక పళ్లెం చూపడంలోనే చాపకూడు పుట్టిన సీమ గౌరవం ఉన్నది.

ఆరోగ్యం, తాగునీరు

పల్నాడులోని పలు గ్రామాల భూగర్భజలాలలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న సంగతి విదితమే. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని, వేరే నీటి ఆధారం లేనిచోట సైతం 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణాలు చెబుతున్నాయి. పళ్లు, ఎముకలు ఎదిగే వయసులో ఉన్న చిన్నారులపై దీని ప్రభావం ఎక్కువ. బడిలో తాగేందుకు, వండేందుకు వాడే నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, దానికి పరీక్ష ఎప్పుడు జరిగిందో కమిటీ సమావేశంలో అడిగి తెలుసుకోవాలి. బోరు నీరు కంటె శుద్ధిచేసిన కాలువ నీరు మేలైన చోట్ల దానినే వినియోగించాలి.

రక్తహీనత నివారణ కోసం అయిదు నుంచి పదేళ్లలోపు పిల్లలకు వారానికొకసారి ఐరన్, ఫోలిక్ యాసిడ్ గులాబీ రంగు మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉన్నది. నులిపురుగుల నివారణ దినాలైన ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో ఆల్బెండజోల్ మాత్రను పాఠశాలలు, అంగన్‌వాడీల ద్వారా అందజేస్తారు. ఫిబ్రవరి 10 కోతల మధ్యలో వస్తుంది. ఆనాడు బడికి రాని బిడ్డ పాఠాన్నే గాక మందును కూడ కోల్పోతుంది. ఇటువంటివారి కోసం కొద్ది రోజుల తర్వాత మరొక విడత ఉంటుంది.

బిడ్డకు ఏమి వచ్చి ఉండాలి

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డ అర్థం చేసుకొంటూ చదవడం, లెక్కలు చేయడం నేర్చుకోవాలన్న లక్ష్యంతో 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమం ఆరంభమైంది. దీని కొలమానాలు తల్లిదండ్రులకు సైతం సులువుగా అర్థమవుతాయి. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగయిదు చిన్న పదాలున్న వాక్యం చదవాలి, 99 వరకు అంకెలు గుర్తించి రాయాలి. రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9,999 వరకు సంఖ్యలు రావాలి. చదువురాని తల్లి కూడ రాత్రి భోజనానంతరం పావుగంట బిడ్డ చేత పుస్తకం బిగ్గరగా చదివించుకొని, అందులోని కథ ఏమిటని అడగవచ్చు. తడబడుతున్నట్లు అనిపిస్తే మరునాడు ఉపాధ్యాయునికి చెప్పాలి.

గుర్తుంచుకోవలసిన దినాలు

జూన్ 12: బడుల పునఃప్రారంభం. బడి ఈడు పిల్లలందరినీ చేర్పించవలసిన సమయం.
ఆగస్టు 10: నులిపురుగుల నివారణ దినం.
ఆగస్టు 15: స్వాతంత్ర్య దినోత్సవం.
ఆగస్టు 29: గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఇదే రోజు జాతీయ క్రీడా దినోత్సవం కూడ.
సెప్టెంబరు 5: ఉపాధ్యాయ దినోత్సవం.
నవంబరు 14: బాలల దినోత్సవం.
కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు: కారంపూడిలో వీరారాధనోత్సవాలు. చాపకూడు అంతరార్థాన్ని పిల్లలకు బోధించేందుకు తగిన సందర్భం.
డిసెంబరు: పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారీ, కోతల కాలపు హాజరుపై చర్చ.
జనవరి 26: గణతంత్ర దినోత్సవం.
ఫిబ్రవరి 10: రెండో విడత నులిపురుగుల నివారణ దినం.
ఫిబ్రవరి 21: అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం.
ఫిబ్రవరి 28: జాతీయ విజ్ఞాన దినోత్సవం.
ఏప్రిల్ 23: విద్యా సంవత్సరం ముగింపు, ప్రగతి పత్రాల పరిశీలన.

ఈ దినాలలో వేడుకలకు పెద్దలు తరలిరావడం సంతోషకరమే. అయితే జెండా ఎగురవేసిన నాడు నిండుగా కనిపించే బడి, ఫిబ్రవరిలో ఒక సాధారణ మంగళవారం నాడు కూడ అంతే నిండుగా ఉండాలి. ప్రభుత్వం భోజనాన్ని, పుస్తకాలను, ఉపాధ్యాయులను ఏర్పాటు చేయగలదు. ఉదయం తొమ్మిది గంటలకు ఏ ఇంటి బిడ్డ బడికి రాలేదో ముందుగా తెలిసేది మాత్రం ఆ వీధిలోని వారికే. ఆ ఇంటి తలుపు తట్టి కారణం అడిగే పొరుగువారు, కూలికి వచ్చిన బిడ్డకు బడి దారి చూపే రైతు, తల్లితో మాట్లాడే కమిటీ సభ్యురాలు ఉన్ననాడు మిరప చేలు ఎర్రబారిన వేళ సైతం కారంపూడి బడిలో వరుస నిండుగానే ఉంటుంది.